టికెట్ కొనని మనిషికి కూడా చోటుంచండి: నగరాలు నడిపేవాళ్ళకి ఒక బహిరంగ లేఖ

నగరాలు నడిపే పెద్దలకి, టూరిజం శాఖల్లో ఉన్నవాళ్ళకి, కొత్త మ్యూజియంలూ టవర్లూ బ్రిడ్జీలూ గీస్తున్న ఆర్కిటెక్టులకి నమస్కారం.

నేను ఆర్కిటెక్ట్‌ని కాదు, ఇంజినీర్‌ని అసలే కాదు. కొత్త ఊరు వెళ్తే పాత కోటలూ గుళ్ళూ ఎంత ఇష్టంగా చూస్తానో ఈమధ్య కట్టిన బిల్డింగులు కూడా అంతే ఇష్టంగా వెతుక్కుని మరీ చూస్తా. నాలాంటోళ్ళు చాలామందే ఉన్నారండి. సిడ్నీ అనగానే నీళ్ళ పక్కన ఒపెరా హౌస్ తెల్లటి పైకప్పులు, స్పెయిన్‌లో బిల్బావో అనగానే మెలికలు తిరిగిన ఆ మ్యూజియం మెటల్ గోడలు కళ్ళముందుకొచ్చేస్తాయి, ఆ ఊళ్ళ చరిత్ర ఏమీ తెలీకపోయినా సరే, వాటికోసమే సెలవు పెట్టుకుని బయల్దేరిపోతాం. ఈ సంగతి మీకూ తెలుసు కాబట్టే ఇప్పుడు ఏ నగరం చూసినా మాకూ ఒక ఐకానిక్ బిల్డింగ్ కావాలి అంటోంది. అలా కోరుకోవడం తప్పని నేను అనట్లేదు, ఇంకా కట్టండి, ధైర్యంగా కట్టండి, నలుగురూ తిట్టినా కట్టండి. కానీ డిజైన్ మీద సంతకం పెట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి. లోపల ఏ పనీ లేకుండా, టికెట్ కొనకుండా, ఊరికే నడుచుకుంటూ వచ్చిన మనిషికి ఈ బిల్డింగ్ ఏం ఇస్తుంది? ఈ లేఖంతా దాని గురించే.

ముందే ఒక మాట. కొత్త ఆకారాల మీద కోపంతో రాస్తున్న లేఖ కాదిది. అలాంటి బహిరంగ లేఖ 1887 లోనే వచ్చింది, పారిస్‌లో ఈఫిల్ టవర్ పునాదులు పడుతున్నప్పుడు పేరున్న రచయితలూ చిత్రకారులూ కలిసి ఈ ఇనుప టవర్ మా ఊరి అందం చెడగొడుతుందని పేపర్లో అచ్చేయించారు. టవర్ 1889 లో తెరుచుకుంది, అప్పుడిచ్చిన పర్మిషన్ కూడా ఇరవై ఏళ్ళకే, ఆ తర్వాత విప్పేయాలి. రేడియో యాంటెన్నాగా పనికొచ్చి నిలబడిపోయింది, ఇప్పుడు ఆ ఊరికి వెళ్ళినవాళ్ళు ముందు దాన్నే చూస్తారు. ఆ ఊళ్ళోనే లూవ్ర్ మ్యూజియం ముందు ఐ.ఎం.పేయ్ అనే ఆర్కిటెక్ట్ గాజు పిరమిడ్ పెట్టినప్పుడు కూడా అంతే గోల, 1989 లో అది తెరిచాక కొన్నాళ్ళకి తిట్టినవాళ్ళ పిల్లలే దానిముందు నిలబడి ఫోటోలు దిగారు. కాబట్టి కంటికి కొత్తగా ఉండటం గురించి నాకేం భయం లేదు, కళ్ళు అలవాటు పడతాయి. అలవాటు పడనిది కాళ్ళే, కూర్చోడానికి చోటు లేకపోతే అవి వందేళ్ళైనా అలవాటు పడవు.

నా మనసులో ఉన్నదేంటో చెప్పాలంటే ఓస్లో ఒపెరా హౌస్ చూపించాలి. స్నోహెట్టా అనే నార్వే సంస్థ డిజైన్ చేసింది, 2008 లో తెరిచారు. ఒపెరా అంటే అందరూ వెళ్ళేది కాదు కదా, టికెట్ ఉండాలి, ఆ సంగీతం మీద ఇష్టం ఉండాలి. వీళ్ళు ఏం చేసారంటే బిల్డింగ్ కప్పునే తెల్లటి ఇటలీ పాలరాయి పరిచి వాలుగా నీళ్ళదాకా దించేసారు, ఎవరైనా సరే నేల మీంచి నడుచుకుంటూ అలా అలా పైకి ఎక్కిపోయి కప్పు మీద నిలబడొచ్చు, ఊరంతా ఒకవైపు, సముద్రపు పాయ ఇంకోవైపు. లోపల పాడుతున్నది ఎవరో తెలియక్కర్లేదు, జీవితంలో ఒక్క ఒపెరా కూడా చూడనివాళ్ళు ఆ బిల్డింగ్ మాది అంటారు. డబ్బు ప్రజలదైనప్పుడు కప్పు కూడా ప్రజలదే అవ్వాలి అని కాగితం మీద రాయడం తేలికే, కట్టి చూపించడం వేరే.

ఇంకా ముందుకెళ్తే పారిస్‌లో పాంపిడూ సెంటర్ అనే ఆర్ట్ మ్యూజియం. 1971 లో పోటీ పెడితే 681 డిజైన్లు వచ్చాయి, గెలిచింది రెంజో పియానో, రిచర్డ్ రోజర్స్ అనే ఇద్దరు కుర్రాళ్ళు, అప్పటికి వాళ్ళెవరో పెద్దగా ఎవరికీ తెలీదు. 1977 లో తెరిచారు. అందరూ ఆ పైపుల గురించి మాట్లాడతారు, గాలికి నీలం, నీళ్ళకి ఆకుపచ్చ, కరెంటుకి పసుపు, మనుషులు తిరిగే మెట్లకీ లిఫ్టులకీ ఎరుపు, లోపల ఉండాల్సినవన్నీ బయటికి తెచ్చి పెట్టారు, బాగుంటుంది, నాకూ ఇష్టమే. కానీ నాకు అంతకన్నా నచ్చేది వాళ్ళు కట్టకుండా వదిలేసిన స్థలం. ఉన్న స్థలంలో దాదాపు సగం ఖాళీగా వదిలి వాలుగా ఒక మైదానం చేసారు, నడి పారిస్‌లో అంత నేల ఖాళీగా వదలడానికి ఎంత గుండె కావాలో స్థలాల సంగతి చూసే మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ వాలు మీద జనం కూర్చుంటారు, పడుకుంటారు, ఎవరో పాట పాడుతుంటారు, ఎదురుగా ఆ రంగుల పైపుల గోడ. లోపలి పెయింటింగులు చూడని రోజు కూడా ఆ రోజు వేస్ట్ అనిపించదు. ఇప్పుడు పెద్ద రిపేర్ల కోసం దాన్ని మూసారు, 2030 లో మళ్ళీ తెరుస్తామంటున్నారు, తెరిచినప్పుడు ఆ మైదానం అలాగే ఉండాలని నా కోరిక.

మన దేశంలో ఢిల్లీ లోటస్ టెంపుల్ తీసుకోండి, ఫరీబుర్జ్ సహ్బా డిజైన్, 1986 లో పూర్తయింది, 27 పాలరాతి రేకులు, తొమ్మిది వైపులు. టికెట్ లేదు, ఏ మతం వాళ్ళైనా లోపలికెళ్ళి మాట్లాడకుండా కూర్చుని రావచ్చు. స్కూలు పిల్లల బస్సులు, ముసలివాళ్ళు, ఆర్కిటెక్చర్ చదివే కుర్రాళ్ళు అందరూ ఒకే లైనులో చెప్పులు విప్పుకుని నడుస్తారు. దాని గురించి పుస్తకాలు చదివినవాళ్ళకీ, రోడ్డు మీంచి పువ్వులా కనపడిందని వచ్చినవాళ్ళకీ అక్కడ ఒకటే మర్యాద.

ఇప్పుడు బిల్బావో సంగతికి వస్తా, ఎందుకంటే మీ మీటింగుల్లో ఎక్కువసార్లు వినపడే పేరు అదే. స్పెయిన్‌లో ఉక్కు, ఓడల పని పడిపోయి దెబ్బతిన్న ఊరు, 1997 లో ఫ్రాంక్ గెహ్రీ అనే ఆర్కిటెక్ట్ గీసిన టైటానియం లోహపు గోడల మ్యూజియం వచ్చింది, ప్రపంచమంతా అక్కడికి పరిగెత్తింది. అప్పట్నుంచీ ఒక్క బిల్డింగ్ ఊరి తలరాత మార్చేస్తుంది అని అందరూ నమ్మేసారు. ఆ కథలో సగం ఎవరూ చెప్పట్లేదండి. మ్యూజియం కన్నా రెండేళ్ళ ముందే, 1995 లో, నార్మన్ ఫోస్టర్ డిజైన్ చేసిన మెట్రో అక్కడ మొదలైంది, నేలలోంచి పైకొచ్చిన గాజు గొట్టాల్లాంటి ఆ స్టేషన్ గుమ్మాలకి జనం ముద్దుగా ఫోస్టరిటోలు అని పేరు కూడా పెట్టుకున్నారు. నెర్వియోన్ నదిలో ఫ్యాక్టరీల మురికి ఏళ్ళ తరబడి కడిగారు, గోడౌన్లూ రైలు పట్టాలూ ఉన్న ఒడ్డుని నడిచే దారి చేసారు, తర్వాత ట్రామ్ వేసారు, కొత్త ఎయిర్‌పోర్ట్ టెర్మినల్ కట్టారు. మ్యూజియం చూడ్డానికి వచ్చినవాడు నది ఒడ్డున గంట నడిచాడు, మెట్రో ఎక్కి పాత ఊరు చూసాడు, ఒక రాత్రి ఉందామనుకున్నవాడు మూడు రాత్రులు ఉన్నాడు. మీరు ఆ టైటానియం మాత్రం చూసి మెట్రోనీ నదినీ వదిలేస్తే మీ చేతిలో మిగిలేది ఖరీదైన గోడే.

అలా మిగిలిపోయినవి ఉన్నాయి కూడా. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ అనే ఊళ్ళో 1999 లో పాప్ మ్యూజిక్ కోసం ఒక జాతీయ కేంద్రం కట్టారు, నాలుగు పెద్ద స్టీల్ డ్రమ్ములు పక్కపక్కన పెట్టినట్టు ఉంటుంది, చూడ్డానికి నిజంగానే సరదాగా ఉంటుంది. ఏడాదికి 4 లక్షల మంది వస్తారని లెక్కేసుకున్నారు, ఆ దరిదాపులకి కూడా రాలేదు, మరుసటి ఏడే మూసేసారు, తర్వాత ఒక యూనివర్సిటీ విద్యార్థి సంఘం అందులో చేరింది. లోపల చూడ్డానికి తగినంత సరుకు లేదని వచ్చినవాళ్ళు చెప్పారు, ఒకసారి చూసినవాళ్ళు రెండోసారి రాలేదు. స్పెయిన్‌లోనే శాంటియాగో దె కంపోస్తెలా దగ్గర కొండ మీద సిటీ ఆఫ్ కల్చర్ అని పీటర్ ఐసెన్‌మన్ డిజైన్ ఒకటి మొదలెట్టారు, ఖర్చు కొండెక్కింది, 2013 లో ఇక చాలని ఆపేసారు, అనుకున్న బిల్డింగుల్లో రెండు కట్టనే లేదు. ఆ డిజైన్ అందం గురించి ఎన్ని గంటలైనా మాట్లాడుకోవచ్చు, కానీ ఊరు ఒకచోట, బిల్డింగ్ ఇంకోచోట ఉంటే రోజూ దాని ముందునుంచి నడిచే మనిషే ఉండడు కదా.

ఖర్చు గురించి అడిగితే నా అభిప్రాయం మీరు అనుకున్నట్టు ఉండకపోవచ్చు. సిడ్నీ ఒపెరా హౌస్ 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లలో అయిపోతుందన్నారు, చివరికి 10 కోట్ల 20 లక్షలు అయింది, ఎక్కువ భాగం లాటరీ టికెట్లు అమ్మి కట్టారు. 1957 లో పోటీ గెలిచిన యోర్న్ ఉట్సన్ 1966 లో గొడవపడి వెళ్ళిపోయాడు, 1973 లో తెరిచారు, ఆయన చనిపోయేదాకా పూర్తయిన తన బిల్డింగుని కళ్ళారా చూడలేదు. ఆ మాట తల్చుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. కానీ అంత ఖర్చు గురించి ఆ ఊరివాళ్ళు ఇప్పుడెవరూ ఏడవట్లేదు, ఎందుకంటే ఆ వెడల్పాటి మెట్లు, చుట్టూ నీళ్ళ పక్కన నడిచే దారి అందరివీ. హాంబర్గ్‌లో ఎల్బ్‌ఫిల్హార్మనీ అనే కచేరీ హాలు కూడా అంతే, మొదట చెప్పిన లెక్కకి పదింతలు అయింది, ఏళ్ళకేళ్ళు ఆలస్యమై 2017 లో తెరిచారు, జనం తిట్టని తిట్టు లేదు. అయితే పాత గోడౌన్‌కీ దాని మీద కట్టిన గాజు భాగానికీ మధ్యలో, 37 మీటర్ల ఎత్తున, చుట్టూ తిరిగి రేవు చూసేలా ఒక ప్లాజా పెట్టారు, కచేరీ టికెట్ లేనివాళ్ళు కూడా పొడవాటి వంపు ఎస్కలేటర్ ఎక్కి అక్కడికి వెళ్ళొచ్చు. ఎక్కువైన ఖర్చుని నేను వెనకేసుకు రావట్లేదు, లెక్క తప్పు చెప్పడం తప్పే. కాకపోతే డబ్బు ఎటూ అవుతున్నప్పుడు అందులో కొంతైనా అందరి కాళ్ళ కిందకి రావాలి.

అందరికీ అని చెప్పి తర్వాత తలుపులు దగ్గరకేసే పద్ధతి ఒకటి ఉంది, అది మాత్రం చాలా బాధ కలిగిస్తుంది. లండన్‌లో 20 ఫెన్‌చర్చ్ స్ట్రీట్ అని ఒక టవర్ ఉంది, పైకి వెళ్ళేకొద్దీ లావవుతుంది, జనం వాకీటాకీ అంటారు. మిగతా టవర్లకి దూరంగా ఒంటరిగా అంత ఎత్తు కట్టనివ్వడానికి చెప్పిన కారణాల్లో పైన ప్రజలకోసం తోట ఉంటుందన్నది పెద్దది. తోట 2015 లో తెరిచారు, ఉచితమే, కాదనను, కానీ మామూలుగా ముందే బుక్ చేసుకోవాలి, ఎయిర్‌పోర్టులోలాగా చెకింగ్ అవ్వాలి, లోపల ఎక్కువగా కనిపించేవి రెస్టారెంట్లూ బార్లూ. పార్కు అని మాటిచ్చినప్పుడు పార్కులాగే ఉండాలి కదా, దారినపోతూ అనుకోకుండా లోపలికి వెళ్ళి కూర్చునేలా. సింగపూర్‌లో మోషే సాఫ్డీ గీసిన మరీనా బే శాండ్స్ పైన మూడు టవర్లని కలుపుతూ ఓడలాంటి కప్పుంది, ఫోటోల్లో అందరూ చూసే ఆ పొడవాటి స్విమ్మింగ్ పూల్ హోటల్లో దిగినవాళ్ళకే. అది ప్రైవేటు హోటల్, వాళ్ళిష్టం, వాళ్ళేం ఉచితమని చెప్పలేదు. మీరు మాత్రం పర్మిషన్ ఇచ్చేటప్పుడు బిల్డర్ ప్రజలకోసం అని రాసిన ప్రతి లైనూ ఏ టైము నుంచి ఏ టైము దాకా, ఎన్ని రోజులు, ఎంతమందికి, బుకింగ్ ఉంటుందా ఉండదా అని ఒప్పందంలో రాయించండి, లేకపోతే ఆ మాట ఐదేళ్ళు తిరిగేసరికి గాలికి పోతుంది.

ఒకచోట, పేరు చెప్పను, ప్రజల డబ్బుతో కట్టిన చాలా అందమైన కల్చరల్ సెంటర్ మెట్ల మీద కాసేపు కూర్చున్నందుకు సెక్యూరిటీ వచ్చి లేపేసాడు. ఫోటో తీస్కోండి, కూర్చోకండి అన్నాడు. పాపం అతని తప్పేం లేదు, అతనికి చెప్పిన డ్యూటీ అది. నా పక్కన మోకాళ్ళ నొప్పులున్న ఒక పెద్దావిడ కూడా లేచి నిలబడాల్సొచ్చింది, చుట్టుపక్కల ఎక్కడా ఒక్క బెంచీ లేదు, నీడ లేదు. ఆ మెట్లు గీసినవాళ్ళు బొమ్మలో మెట్లనిండా మనుషుల్ని కూర్చోబెట్టే ఉంటారు, ఇలాంటి బొమ్మల్లో ఎప్పుడూ మనుషులు కూర్చునే ఉంటారు. ఆ బొమ్మ చూసి మీరు ఒప్పుకున్న బిల్డింగ్, తర్వాత నడుపుతున్న బిల్డింగ్ రెండూ ఒకటేనా అని ఎవరో ఒకరు ప్రతి ఏడూ వెళ్ళి చూడాలి.

ఇంకో సంగతి, నేలమీద నడిచే మనిషి పక్షిలాగా పైనుంచి చూడడు. గెహ్రీ డిజైన్ చేసిన లాస్ ఏంజిలెస్ డిస్నీ కాన్సర్ట్ హాల్ 2003 లో తెరిచాక కొన్ని స్టీల్ పలకలు ఎండని పక్కింటి అపార్ట్‌మెంట్ల మీదకీ ఫుట్‌పాత్ మీదకీ కొట్టేసరికి వాటిని రుద్ది మెరుపు తగ్గించాల్సొచ్చింది. నేను చెప్పిన వాకీటాకీ టవరైతే 2013 లో కడుతుండగానే దాని వంపు అద్దాలు ఎండని ఒకచోటికి తెచ్చి కింద పార్క్ చేసిన కారు భాగాల్ని కరిగించేసాయి, తర్వాత ఎండ అడ్డుకునే పట్టీలు బిగించారు. ఆ వాకీటాకీ గీసిన ఆర్కిటెక్ట్ రఫేల్ విన్యోలీ లాస్ వేగాస్‌లో అంతకుముందే గీసిన ఒక హోటల్ దగ్గర కూడా ఇదే వంపు, ఇదే ఎండ, పూల్ దగ్గర పడుకున్నవాళ్ళకి ఒళ్ళు కాలింది. ఒకసారి జరిగితే తెలీలేదు అనుకుంటాం, రెండోసారి జరిగిందంటే ఎండ ఎటు పడుతుందో చూడమని అడిగే హక్కు ఊరికి ఉందని నా ఉద్దేశం. బ్రిడ్జీలు కూడా అంతే, బిల్బావోలో కలత్రావా అనే ఆర్కిటెక్ట్ కట్టిన తెల్ల బ్రిడ్జి గాజు నేల వానలో జారి జనం పడుతుంటే మీద మ్యాట్ పరిచారు, వెనిస్‌లో 2008 లో తెరిచిన ఆయన గాజు మెట్ల బ్రిడ్జి మీద కూడా జారిపడుతూనే ఉన్నారు, చివరికి ఆ గాజు తీసేసి రాయి వేయాలని ఊరు నిర్ణయించింది. వర్షం పడే ఊళ్ళో గాజు మీద నడిపించడమేంటండి, చూడ్డానికి ఎంత బాగున్నా.

న్యూయార్క్‌లో వెసెల్ అనే మెట్ల కట్టడం గురించి రాయాలంటే చెయ్యి ఆడట్లేదు, కానీ రాయకుండా ఉండలేను. 2019 లో తెరిచారు, దాదాపు 2500 మెట్లు, ఎక్కి ఫోటో దిగడానికే కట్టింది. రెయిలింగ్ ఎత్తు చాలదని ముందే అడిగినవాళ్ళున్నారు. నాలుగు ప్రాణాలు పోయాయి, 2021 లో మూసేసారు, 2024 లో స్టీలు వల బిగించి మళ్ళీ తెరిచారు. ఆ వల మొదటిరోజే ఉండాల్సింది. వీల్‌చైర్‌లో వచ్చినవాళ్ళకి అందులో చాలా చోట్లకి దారే లేదు, మెట్లే ఆకర్షణ అయినప్పుడు మెట్లు ఎక్కలేనివాళ్ళ సంగతి ఎవరు ఆలోచించాలి, మీరే కదా. దానికి దగ్గర్లోనే పాత సరుకు రైలు పట్టాల మీద కట్టిన హై లైన్ పార్క్ ఉంది, 2009 లో మొదటి భాగం తెరిచారు, డబ్బులు లేవు, లిఫ్టులున్నాయి, బెంచీలున్నాయి, పాత పట్టాల మధ్య మొక్కలు. రెండూ చూసినవాళ్ళని ఏది మళ్ళీ చూస్తారని అడిగి చూడండి.

ఫోటో కోసం కట్టడం ఎక్కడిదాకా వెళ్తుందంటే చైనాలో తియాన్‌జిన్ బిన్‌హై లైబ్రరీ, 2017 లో తెరిచారు, మధ్యలో పెద్ద తెల్లటి గోళం, చుట్టూ నేల నుంచి కప్పుదాకా అలలు అలలుగా పుస్తకాల అరలు, ఆ ఫోటో మీరందరూ చూసే ఉంటారు. పై అరల్లో ఉన్నవి పుస్తకాలు కావు, రేకు మీద ముద్రించిన పుస్తకాల బొమ్మలు. తొందరగా కట్టాల్సొచ్చి పై అరలకి వెళ్ళే దారి డిజైన్‌లోంచి తీసేసారు. దానికి ఎదురుగా హెల్సింకీలో ఊడి (Oodi) అనే లైబ్రరీని పెడతాను, 2018 డిసెంబర్‌లో తెరిచారు, చెక్కతో చేసిన అల లాంటి ముందు భాగం, సరిగ్గా పార్లమెంట్‌కి ఎదురుగా. పుస్తకాలు లక్ష, కుట్టు మిషన్లు, త్రీడీ ప్రింటర్లు, పాటలు రికార్డ్ చేసుకునే గదులు, పైన బాల్కనీ. వేరే దేశం నుంచి వెళ్ళిన టూరిస్టు కూడా తలుపు తోసుకుని లోపలికెళ్ళి వెచ్చగా కూర్చోవచ్చు, ఎవరూ ఏమీ అడగరు. ఊరివాళ్ళు వాడుకునే బిల్డింగ్‌లో వాళ్ళతోపాటు కూర్చోవడం కన్నా ఒక ఊరిని బాగా చూసే పద్ధతి నాకు ఇంకోటి తెలీదు.

ఇక్కడే నా అసలు ఆశ ఉంది. అన్నీ మ్యూజియంలే అవ్వక్కర్లేదు. అమెరికాలో కొలంబస్ అనే చిన్న ఊరు, ఇండియానా రాష్ట్రంలో, జనాభా 50 వేలు. అక్కడ ఇంజిన్లు చేసే కమిన్స్ కంపెనీ నడిపిన ఇర్విన్ మిల్లర్ 1950 ల్లో ఒక మాటిచ్చాడు, మంచి ఆర్కిటెక్ట్‌ని పెట్టుకుని స్కూలు కట్టండి, ఆర్కిటెక్ట్ ఫీజు మా ఫౌండేషన్ ఇస్తుంది అని. స్కూళ్ళతో మొదలై ఫైర్ స్టేషన్లు, మిగతా పబ్లిక్ బిల్డింగులదాకా వెళ్ళింది. ఫైర్ స్టేషన్ రాబర్ట్ వెంచురీ, చర్చి ఈరో సారినెన్, లైబ్రరీ ఐ.ఎం.పేయ్, ఇంత చిన్న ఊళ్ళో ఇన్ని పేర్లు. బిల్డింగులు చూడ్డానికే జనం అక్కడికి వెళ్తారు, పిల్లలేమో రోజూ ఆ స్కూళ్ళలోనే చదువుకుంటారు. అలాగే కొలంబియాలో మెడెయిన్ నగరం, ఒకప్పుడు హత్యలకీ ముఠాలకీ పేరు మోసిన కొండవాడ కోమునా 13, అక్కడి ఇళ్ళకి చేరాలంటే ఇరవై ఎనిమిది అంతస్తులు ఎక్కినంత మెట్లు. 2011 లో ఆరుబయట ఎస్కలేటర్లు పెట్టారు, సామాన్లు మోసుకెళ్ళే ఆడవాళ్ళ కోసం, ముసలివాళ్ళ కోసం. టూరిస్టుల కోసం పెట్టింది కాదు, ఇప్పుడు ప్రపంచం నలుమూలల నుంచీ టూరిస్టులు వచ్చి ఎక్కుతున్నారు. బస్టాండు, మార్కెట్, ఆసుపత్రి, పబ్లిక్ టాయిలెట్, నడిచే బ్రిడ్జి, మీరు ఎలాగూ కట్టాల్సినవే ఇవి, వీటికి మంచి డిజైనర్‌ని పెట్టండి. టెండర్లో అందరికన్నా తక్కువ కోట్ చేసినవాళ్ళకి బాక్సు డిజైన్ ఇచ్చేసి, ఒక్క మ్యూజియం దగ్గర మాత్రం విదేశీ ఆర్కిటెక్ట్ కావాలని పట్టుబట్టడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

నెదర్లాండ్స్‌లో రోటర్‌డామ్ చూడండి ఇంకా. 1940 మే 14 న జర్మన్ బాంబులకి నడిబొడ్డంతా నేలమట్టమైంది, పాతది మిగల్లేదు కాబట్టి కొత్తదే తమ గుర్తింపు చేసుకున్నారు. పీట్ బ్లోమ్ కట్టిన పక్కకి వంగిన క్యూబు ఇళ్ళు 1984 నుంచీ ఉన్నాయి, వాటిలో జనం కాపురాలు చేస్తున్నారు, రోజూ వచ్చే టూరిస్టులు కిటికీల్లోంచి తొంగి చూస్తుంటే ఎంత చిరాకు. అందుకని ఒక ఇంటిని మాత్రం చూపించడానికి తెరిచి పెట్టారు, చూడాలనుకున్నవాళ్ళు అది చూస్తారు, మిగతావాళ్ళ కాపురం వాళ్ళది. ఇంత చిన్న ఏర్పాటుతో ఎంత గొడవ తప్పిందో. దాని పక్కనే 2014 లో మార్కెట్ హాల్ వచ్చింది, గుర్రపు నాడాలాంటి పెద్ద ఆర్చి, ఆ ఆర్చిలోనే అపార్ట్‌మెంట్లు, కింద మార్కెట్, కప్పు లోపలివైపంతా పళ్ళూ పూల బొమ్మలు, లోపలికి వెళ్ళడానికి టికెట్ లేదు, సంచి పట్టుకుని వచ్చినవాళ్ళూ కెమెరా పట్టుకుని వచ్చినవాళ్ళూ కలిసి తిరుగుతారు.

కట్టాక చూసుకోవడం గురించి కూడా చెప్పాలి, ఇది ఎవరికీ ఇష్టం లేని టాపిక్ అని తెలుసు. వలెన్సియాలో సిటీ ఆఫ్ ఆర్ట్స్ అండ్ సైన్సెస్ ఒపెరా భవనం కప్పు మీద అంటించిన తెల్ల పింగాణీ ముక్కలు 2013 డిసెంబర్‌లో ఊడి పడ్డాయి, మూసేసి మొత్తం తీసి మళ్ళీ అంటించాల్సొచ్చింది. మెడెయిన్‌లో కొండ మీద నల్లరాళ్ళలా కట్టిన లైబ్రరీ 2007 లో తెరిచి ఎంత పేరు తెచ్చుకుందో, లోపాలు బయటపడి అన్నేళ్ళు మూతపడింది కూడా. ఆ కొండమీద పిల్లలకి అది ఫోటో కాదు, చదువుకునే చోటు. రిబ్బన్ కత్తిరించే రోజున ఖర్చుపెట్టేవాళ్ళు ఉంటారు, పదో ఏడు పెచ్చులూడినప్పుడు బడ్జెట్‌లో ఆ లైనే ఉండదు, దయచేసి ఆ లైను ముందే రాయండి. వలెన్సియాలో నాకు ఎక్కువ నచ్చేది ఆ తెల్ల భవనాలు ఉన్న నేల. 1957 వరదల తర్వాత తూరియా నదిని ఊరి బయటికి మళ్ళించారు, ఖాళీ అయిన నదిలో హైవే వేద్దామనుకున్నారు, ఊరివాళ్ళు ఊరుకోలేదు, మాకు పచ్చదనం కావాలని గట్టిగా నిలబడ్డారు, ఇప్పుడది కిలోమీటర్ల కొద్దీ తోట. ఆ తోటలో నడుచుకుంటూ వెళ్తే చివర్లో ఆ భవనాలు వస్తాయి. తోట లేకుండా వాటిని చూడమంటే నేను అంత దూరం వెళ్ళేదాన్ని కాదు.

ఉన్నవాటిని కూల్చేయకండి అని కూడా వేడుకుంటున్నా. ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో హాల్ ఆఫ్ నేషన్స్, రాజ్ రేవాల్ డిజైన్, మహేంద్ర రాజ్ ఇంజినీరింగ్, 1972 లో కట్టారు, స్టీలు ఖరీదని కాంక్రీటుతోనే అంత పెద్ద స్పేస్ ఫ్రేమ్, అంటే కడ్డీలు అల్లినట్టుండే కట్టడం, చేత్తో పోత పోసి నిలబెట్టారు. అరవై ఏళ్ళు నిండలేదు కాబట్టి హెరిటేజ్ కాదన్నారు, 2017 ఏప్రిల్‌లో రాత్రికి రాత్రి కూల్చేసారు. ఇలాంటిది మన చేతుల్తో కట్టింది మనదగ్గరే ఉంటే దాన్ని చూపించుకోవాల్సింది పోయి. టోక్యోలో అదే 1972 నాటి నకాగిన్ క్యాప్సూల్ టవర్ కూడా 2022 లో విప్పేసారు, కనీసం అక్కడ కొన్ని గదుల్ని దాచి మ్యూజియంలకి ఇచ్చారు. యాభై ఏళ్ళ వయసున్న బిల్డింగ్ పాతదీ కాదు కొత్తదీ కాదు, ఎవరికీ పట్టని వయసు అది. మీ ఊళ్ళో ఆ వయసులో ఏమేం ఉన్నాయో ఒక లిస్టు రాయించండి, ఆ లిస్టు ఉంటే కూల్చేముందు కనీసం ఒక మాట అనుకుంటారు.

పెద్ద ఖర్చు లేని పనులు కూడా ఉన్నాయి. లండన్‌లో 1992 లో ఓపెన్ హౌస్ అని మొదలెట్టారు, మామూలుగా లోపలికి రానివ్వని బిల్డింగులన్నీ ఏడాదిలో కొన్ని రోజులు ఉచితంగా తెరుస్తారు, ఇప్పుడు ఎన్నో దేశాల నగరాల్లో జరుగుతోంది. చికాగోలో 1966 లో ఒక పాత ఇంటిని కూల్చకుండా కాపాడుకోవడానికి మొదలైన సంస్థ ఇప్పుడు నది మీద పడవల్లో జనాన్ని తిప్పుతూ ఒక్కో టవర్ కథ చెప్పిస్తుంది, చెప్పేది ట్రైనింగ్ తీసుకున్న వాలంటీర్లు, ఊరంటే ప్రేమ ఉన్న మామూలు మనుషులు. ఎవరు కట్టారు, ఎందుకు అలా వంచారు, అప్పుడు జనం ఏమన్నారు అని చెప్పేవాళ్ళు ఉంటే ఒక సాదా ఆఫీసు బిల్డింగ్ కూడా అరగంట చూస్తాం. గేటు దగ్గర ఒక బోర్డు పెట్టి ఆర్కిటెక్ట్ పేరు, సంవత్సరం రాయడానికి ఎంతవుతుంది, చాలా ఊళ్ళలో రిబ్బన్ కత్తిరించినవాళ్ళ పేరు రాతి మీద ఉంటుంది, గీసినవాళ్ళ పేరు ఎక్కడా ఉండదు. రోడ్డు మీద నిలబడి ఫోటో తీస్తుంటే ఆపొద్దని గార్డులకి చెప్పండి.

కాబట్టి ఈసారి మీరు పెట్టే డిజైన్ పోటీ రూల్స్‌లో ఈ నాలుగు మాటలు చేర్చండి అని అడుగుతున్నా. టికెట్ లేని మనిషి ఎక్కడిదాకా రావచ్చో ప్లాన్ మీద రంగు వేసి చూపించాలి. నీడా బెంచీలూ నీళ్ళూ టాయిలెట్లూ ర్యాంపులూ మొదటి డ్రాయింగ్‌లోనే ఉండాలి, తర్వాత చేరుస్తాం అంటే ఒప్పుకోకూడదు. మనిషి కంటి ఎత్తు నుంచి, మిట్టమధ్యాహ్నం ఎండలో, వానలో ఎలా ఉంటుందో బొమ్మలు ఇవ్వాలి, డ్రోన్ బొమ్మలు చాలవు. మొదటి ఇరవై ఏళ్ళ మెయింటెనెన్స్ ఖర్చు ఎంత, ఎవరిస్తారు అన్నది కట్టే ఖర్చు పక్కనే రాయాలి. గెలిచిన డిజైన్‌తోపాటు ఈ నాలుగూ జనం చూసేలా బయట పెట్టండి, నోరున్న ఊరివాళ్ళు అడగాల్సినవి అడుగుతారు, మీరు జవాబు చెప్పండి.

ఇట్లు,
కొత్త బిల్డింగుల కోసం ఊళ్ళు తిరిగే ఒక సందర్శకురాలు